ఉపసర్గ మరచిన ప్రశ్న



చాలా రోజుల తరువాత ఈ పుటలోనికి వచ్చాను. ఈసారి పద్యం కాదు, వ్యాకరణమూ కాదు. కంప్యూటరు సంగతి. తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని కొందరు నవ్వవచ్చు. చివరిదాకా చదివితే ఇది కొంత ఛందస్సుకు, మరికొంత నా పొరపాటుకు సంబంధించిన కథ అని తెలుస్తుంది.

ముందుగా ఒక పాత ముచ్చట. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పరీక్షలో "వృత్తము అనగా నేమి?" అని ప్రశ్న ఇచ్చాను. గణనియమం, యతిస్థానం, ప్రాసనియమం గురించి నాలుగు వాక్యాలు రాస్తారని నా ఆశ. ఒక పిల్లవాడు మాత్రం "ఒక స్థిర బిందువు నుండి సమాన దూరంలో ఉండే బిందువుల సముదాయము" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. నేను సున్న వేశాను. ఉపాధ్యాయుల గదిలో ఆ కాగితం చూసి మా లెక్కల మాస్టారు, "నేనైతే పూర్తి మార్కులు వేసేవాణ్ణండీ. అయినా మీరు వేసిన సున్న కూడా వృత్తమే కదా!" అన్నారు. అందరం నవ్వుకొన్నాం.

ఆలోచిస్తే మన బడిలో ఇటువంటి మాటలు ఎన్నో. మా 'సంధి' రెండు పదాల మధ్యది, సాంఘికం మాస్టారి 'సంధి' ఇద్దరు రాజుల మధ్యది. నా పాఠంలో 'గురువు' రెండు మాత్రల అక్షరం, సైన్సు మాస్టారికి అది ఒక గ్రహం, పిల్లలకు మా అందరికీ కలిపి పెట్టిన పేరు. ఎవరి తరగతిలో వారుంటే చిక్కు లేదు. రెండు పాఠాలు ఒకే కాగితం మీదికి వచ్చినప్పుడే ఏ వృత్తం, ఎవరి వృత్తం అన్న ప్రశ్న పుడుతుంది. ఈ ప్రశ్నే నన్ను అరవై దాటిన తరువాత మళ్ళీ పట్టుకొన్నది. మూడు సున్నలు కూడా వేసింది.

*

నాకొక మిత్రుడు ఉండేవాడు. నాలాగే భాషాప్రవీణ చదివి కోనసీమలో బడిపంతులుగా జీవితమంతా గడిపినవాడు. పేరు రాయను. పేరు రాస్తే ఆయనకు నచ్చదు. 2000ల నడుమ అంతర్జాలంలో తెలుగు బ్లాగులు మొలకెత్తిన కాలంలో నన్నూ ఇందులోకి లాగింది ఆయనే. వీవెన్ గారి 'లేఖిని'లో ఇంగ్లీషు మీటలతో తెలుగు కొట్టడం, 'కూడలి'లో మన టపా పైకి వచ్చిందా అని గంటకొకసారి చూసుకోవడం, ఎవరో ముక్కూమొహం తెలియనివారు అమెరికా నుంచి మన పద్యానికి వ్యాఖ్య రాస్తే పొంగిపోవడం, ఇవన్నీ కలిసి అనుభవించాం. రాజమండ్రిలో నేను, కాలువగట్టున తన పెంకుటింట్లో ఆయన. నడుమ గోదావరి. రోజూ ఎదురెదురుగా అరుగు మీద కూర్చున్నట్టే ఉండేది.

ఆయన పోయి ఏడాది కావస్తున్నదనగా వారి శ్రీమతి ఫోను చేశారు. "అన్నయ్యగారూ, సాంవత్సరీకం నాటికి ఆయన పద్యాలు చిన్న పుస్తకంగా వేయించాలని పిల్లల కోరిక. ఏవి వేయాలో, తప్పులెక్కడున్నాయో మీరే చూడాలి" అన్నారు. వారి అబ్బాయి చాలా రోజుల క్రితమే తండ్రి బ్లాగు మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపి దాచాడట. ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసి పంపించాడు.

తెరిచి చూశాను. తెలుగు కనిపించింది కానీ చదివే వీలు లేదు. పద్యాల చుట్టూ కోణపు కుండలీకరణాలు, వాటిలో ఇంగ్లీషు మాటలు. పుట కింద పుట, ఎక్కడా ఆగదు. ఒక్కొక్క పద్యాన్ని వేలితో ఏరుకొంటూ పోతే సాంవత్సరీకం దాటి మరొక సాంవత్సరీకం వస్తుంది. నా పాత శిష్యుడొకడు దానవాయిపేటలో ఉంటున్నాడు. కంప్యూటరు పాఠాలు చెబుతాడు. వాడి దగ్గరకు పట్టుకుపోయాను.

"ఇది ఎక్స్‌ఎమ్‌ఎల్ మాస్టారూ. భయపడకండి. అప్పట్లో బ్లాగర్ నుంచి బ్లాగు మొత్తం దింపుకొంటే ఇలాగే వచ్చేది. దీన్ని ప్రశ్నలు అడగవచ్చు, జవాబు చెబుతుంది" అన్నాడు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే మరేమీ లేదు. ప్రతి విషయానికీ ముందొక తెరుపు గుర్తు, వెనుకొక మూత గుర్తు వేసి, ఇది శీర్షిక, ఇది తేదీ, ఇది రచయిత పేరు అని చెప్పే రాతపద్ధతి. 1998 ఫిబ్రవరిలో డబ్ల్యూ3సీ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. గుర్తులు ఒకదానిలో ఒకటి పొదిగి ఉంటాయి. పర్వంలో ఆశ్వాసం, ఆశ్వాసంలో పద్యం, పద్యంలో పాదం ఉన్నట్టు. 'ఎక్స్‌పాత్' అనేది ఆ పొదుగుల్లోకి దారి చెప్పే భాష. 1999 నవంబరులో వచ్చింది. 'పర్వం కింద ఆశ్వాసం కింద పద్యాలన్నీ తీసుకురా' అని గీతలు పెట్టి రాస్తే తీసుకువస్తుంది. మావాడు పైథాన్ భాషలో నాలుగు వరసల ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. ప్రశ్న ఒక్కటి మార్చుకొంటే చాలునన్నాడు. నా సొంత బ్లాగు ఆర్ఎస్ఎస్ ఫీడు మీద చేసి చూపించాడు. 'ఐటమ్' అనే గుర్తులన్నీ తెమ్మంటే నా ఇటీవలి టపాలు 25 వరసగా వచ్చి నిలబడ్డాయి. ఎంత సులువు అనుకొన్నాను.

*

ఇంటికి వచ్చి మిత్రుడి ఫైలు పెట్టాను. అందులో ఒక్కొక్క టపా 'ఎంట్రీ' అనే గుర్తులో ఉన్నది. కళ్ళకు కనిపిస్తున్నది. 'ఎంట్రీలన్నీ తెమ్ము' అని ప్రశ్న రాసి మీట నొక్కాను.

సున్న.

మళ్ళీ నొక్కాను. సున్న. తప్పు అనలేదు, ఫైలు పాడైందనలేదు. అడిగింది లేదని మర్యాదగా చెప్పింది. నాకు చెమటలు పట్టాయి. నేను చేసిన చేతకాని పనివల్ల ఫైలు చెడిపోయిందా? వారికి ఏమని చెప్పను? తెరిచి చూస్తే ఎంట్రీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నా కళ్ళకు ఉన్నాయి, ప్రశ్నకు లేవు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు మావాడు ఫైలు మొదటి వరస చూపించి అన్నాడు: "మాస్టారూ, ఇక్కడ చూడండి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అని ఉంది కదండీ, దాని పక్కన ఒక చిరునామా. దాన్ని నేమ్‌స్పేస్ అంటారు. ఈ ఇంట్లో అందరికీ ఇంటిపేరు ఉంది. మీరు ఇంటిపేరు లేనివాళ్ళని పిలిచారు. ఎవరూ పలకలేదు."

ఆ ఒక్క మాటతో నాకు విషయం చాలావరకు తెలిసింది.

మన వైపు సత్యనారాయణలకు కొదవ లేదు. అన్నవరం దేవుడి దయ. మా బడి హాజరుపట్టీలో ఒక ఏడు నలుగురు ఉండేవారు. ఇంటిపేరుతో పిలిస్తే తప్ప ఏ సత్యనారాయణో తెలియదు. కానీ వాడి ఇంటికి వెళ్ళి చూడండి. తల్లి గాని, తాత గాని ఇంటిపేరు పెట్టి పిలుస్తారా? పిలవరు. పిలవనంత మాత్రాన ఇంటిపేరు లేనట్టు కాదు. గుమ్మం మీద ఒక్కసారి రాసి ఉంటే లోపల ఉన్నవారందరికీ అది వర్తిస్తుంది. ఆ ఫైలు మొదటి వరసలో ఉన్నది ఆ గుమ్మం మీది పేరు. ఉపపదం ఏదీ పెట్టకుండా అక్కడ ప్రకటించారు కనుక లోపలి 'ఎంట్రీ', 'టైటిల్', 'కంటెంట్' అన్నిటికీ అది అప్రయత్నంగా అంటుకొన్నది. లోపల మరొక చోట వేరొక ప్రకటన ఉంటే అక్కడినుంచి ఆ కొత్తది చెల్లుతుంది. మెట్టినింటికి వెళ్ళిన ఆడపిల్ల వలె.

నా బ్లాగు ఫీడు ఎందుకు పలికింది? ఆర్ఎస్ఎస్ 2.0 పద్ధతిలో దాని సొంత గుర్తులకు నేమ్‌స్పేస్ లేదు. మిత్రుడి ఫైలు ఆటమ్ అనే మరొక పద్ధతిలోనిది. 2005 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 4287గా స్థిరపడిన ఆ పద్ధతిలో ప్రతి గుర్తూ ఒక నేమ్‌స్పేస్‌కు చెందినదే. చూపుకు రెండూ ఒకే రకపు కాగితాలు. ఒకటి ఇంటిపేరు లేని ఊరు, మరొకటి ఇంటిపేరు లేకుండా ఎవరూ పలకని ఊరు.

ఇక్కడ నన్ను విస్మయపరచిన నియమం ఒకటి ఉన్నది. ఫైలులో ఇంటిపేరు చెప్పకుండా రాస్తే 'గుమ్మం మీది పేరే' అని అర్థం. ఎక్స్‌పాత్ 1.0 ప్రశ్నలో ఇంటిపేరు చెప్పకుండా రాస్తే 'ఏ ఇంటిపేరూ లేనిది' అని అర్థం. ఒకే మౌనానికి రెండు చోట్ల రెండు అర్థాలు! ప్రశ్న అడిగేవాడు ఏ ఇంటివాడో యంత్రానికి తెలియదు కదా, అందుకని ఆ నియమం. 2007లో వచ్చిన ఎక్స్‌పాత్ 2.0లో ఉపపదం లేని గుర్తులకు ఫలానా నేమ్‌స్పేస్ అని ముందే చెప్పి పెట్టుకొనే వీలు కల్పించారు. మావాడు ఇచ్చిన పనిముట్టు మొదటి పద్ధతిదే. లోకంలో చాలా పనిముట్లు ఇప్పటికీ ఆ పద్ధతినే నడుస్తున్నాయట.

*

పరిష్కారం చిన్నదే. ప్రశ్నతో పాటు ఒక పట్టిక ఇవ్వాలి: ఈ ఉపపదం అంటే ఈ చిరునామా అని. ఆ తరువాత ప్రతి గుర్తు ముందూ ఆ ఉపపదం, ఒక కోలన్ పెట్టాలి. ఉపపదంగా ఏ అక్షరమైనా పెట్టుకోవచ్చునన్నాడు. తెలుగు అక్షరం పనికివస్తుందా అని అడిగాను. ఎక్స్‌ఎమ్‌ఎల్ పుట్టిన నాటినుంచీ పేర్లలో తెలుగు అక్షరాలకు చోటున్నదని విని సంతోషించి, ఆటమ్‌కు 'అ' అని పెట్టుకొన్నాను. అక్షరాల్లో మొదటిది కదా.

ఫైలులో ఉపపదం లేదు. నా ప్రశ్నలో 'అ' ఉన్నది. రెండూ కలుస్తాయా? కలుస్తాయి. యంత్రం పోల్చేది ఉపపదాన్ని కాదు, దాని వెనుక ఉన్న చిరునామాను. ఇక్కడ ఇంటిపేరు పోలిక చాలదు, గోత్రం దాకా వెళ్ళాలి. ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒక్కటైతే వారు సగోత్రీకులు. ఇంటిపేరు ఒకటే అయినా గోత్రాలు వేరైతే సంబంధం కలుపుకొంటారు. పెళ్ళిచూపుల్లో పెద్దలు అడిగేదే యంత్రమూ అడుగుతుంది.

మన జిల్లాల సంగతే చూడండి. 'తూర్పు గోదావరి జిల్లా' అంటే నా ఉద్యోగకాలమంతా కాకినాడ ముఖ్యపట్టణంగా ఉన్న జిల్లా. 2022 ఏప్రిల్ 4 తరువాత అదే పేరుకు రాజమహేంద్రవరం ముఖ్యపట్టణం. గోదావరి ఆవలి గట్టున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలోనికి వచ్చింది. అమలాపురం మరొక జిల్లా అయింది. పేరు అదే, అది సూచించే నేల వేరు. అలాగే రాజమండ్రి అన్నా రాజమహేంద్రవరం అన్నా మాటలు రెండు, ఊరు ఒకటి. ఉపపదాన్ని నమ్ముకొంటే ఈ రెండు చోట్లా మోసపోతాం. పాత దస్తావేజు చదివేవాడు పేరు కాదు, హద్దులు చూడాలి.

ఇంత తెలిసి కూడా రెండవ సున్న తెచ్చుకొన్నాను. ఆ చిరునామా వెబ్‌సైటు చిరునామాలాగే ఉంటుంది: హెచ్‌టీటీపీ, ఆ తరువాత డబ్ల్యూ3 డాట్ ఆర్గ్, 2005, ఆటమ్. ఈ రోజుల్లో ఏ సైటుకు వెళ్ళినా మొదట హెచ్‌టీటీపీఎస్ అని ఉంటున్నది కదా అని నేనూ ఆ 'ఎస్' చేర్చి రాశాను. భద్రత ఎక్కువైతే మంచిదే కదా! యంత్రం మళ్ళీ సున్న చూపించింది. అది వెళ్ళే చోటు కాదు, పేరు మాత్రమే. అక్షరం అక్షరం కలవాలి. ఆటమ్‌లోని మొదటి అక్షరం పెద్దది కావాలంటే పెద్దదే కావాలి. గోత్రం చెప్పేటప్పుడు ఆ మహర్షి ఆశ్రమం ఇప్పుడు ఉన్నదా అని ఎవరూ వెళ్ళి చూడరు. ఋషి పేరు సరిగ్గా ఉచ్చరిస్తే చాలు. ఉచ్చారణ తప్పితే మాత్రం సంకల్పం చెల్లదు.

'ఎస్' తీసివేశాను. ఒక్కసారిగా 2,143 ఎంట్రీలు వచ్చి పడ్డాయి! ఆనందంతో మావాడికి ఫోను చేశాను. "అన్నీ టపాలు కావండి మాస్టారూ. వ్యాఖ్యలు, మూస, అమరికలు అన్నిటినీ ఎంట్రీలుగానే రాస్తారు. 'కేటగిరీ' గుర్తులో 'టర్మ్' అని ఉంటుంది. అందులో 'పోస్ట్' అని ముగిసేవే టపాలు" అన్నాడు.

సరేనని 'అ కోలన్ కేటగిరీ'లో 'అ కోలన్ టర్మ్' అని అడిగాను. మూడవ సున్న! కేటగిరీ అనేది మూలకం, టర్మ్ దాని లక్షణం. గుమ్మం మీది పేరు మూలకాలకే గాని లక్షణాలకు అంటదు. ఉపపదం లేని లక్షణానికి నేమ్‌స్పేస్ లేదని 1999 జనవరి నాటి నేమ్‌స్పేస్‌ల ప్రమాణమే చెబుతున్నది. దీన్ని అర్థం చేసుకోవడానికి మాత్రం ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. విశేషణం విశేష్యాన్ని ఆశ్రయించుకొని ఉంటుంది. దానికి వేరే చిరునామా ఎందుకు? టర్మ్ ముందు 'అ' తీసివేశాను. 412 టపాలు, 1,664 వ్యాఖ్యలు, మిగిలిన 67 మూసా అమరికలూ వేరుపడ్డాయి.

'ఇంటిపేరు ఏదైనా సరే, పేరు ఎంట్రీ అయితే చాలు' అని అడిగే అడ్డదారి ఒకటి ఉన్నది. లోకల్ నేమ్ అంటారు. మొదట అదే వాడుకొమ్మని అంతర్జాలంలో చాలామంది సలహా. తొందరలో పనికివస్తుంది. కానీ ఆర్ఎస్ఎస్ ఫీడుల్లో సొంత 'లింక్' ఒకటి, ఆటమ్ నుంచి అరువు తెచ్చుకొన్న 'లింక్' మరొకటి పక్కపక్కనే ఉండడం మామూలు. అడ్డదారిన అడిగితే రెండూ కలిసి వస్తాయి. లెక్కల వృత్తమూ, ఛందస్సు వృత్తమూ ఒకే జవాబుపత్రంలో!

*

అసలు విషయానికి వస్తున్నాను.

412 టపాలని యంత్రం చెప్పింది. ఆయన బ్లాగులో పక్కన కనిపించే నెలవారీ లెక్క కూడితే 403. తొమ్మిది ఎక్కువ. మావాణ్ణి అడిగాను. "చిత్తుప్రతులు ఉండి ఉంటాయండి. రాసి ప్రచురించకుండా వదిలేసినవి. వాటికి 'డ్రాఫ్ట్' అని గుర్తు ఉంటుంది" అన్నాడు. నేను 'అ కోలన్ డ్రాఫ్ట్' అని అడిగాను. ఏమీ రాలేదు. ఈసారి మాత్రం బెదరలేదు. ఫైలు తెరిచి ఆ గుర్తును వెదికాను. దాని ఇల్లు వేరు. ఆటమ్‌తో ప్రచురణ జరిపే నియమావళికి చెందిన మరొక నేమ్‌స్పేస్ అది. ఆ చిరునామా ఫైలు మొదట్లో కాక, ఆ టపాలోనే, ఆ గుర్తు దగ్గరే రాసి ఉన్నది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసుకొని దానికి 'చ' అని ఉపపదం పెట్టాను. చిత్తుకు చ. 'చ కోలన్ డ్రాఫ్ట్ ఉన్న అ కోలన్ ఎంట్రీలు' అని అడిగాను. తొమ్మిదీ వచ్చాయి.

ఆరు అసంపూర్ణ పద్యాలు. ఒకటి మనవరాలి అన్నప్రాశన గురించి. ఒకటి ఖాళీ, శీర్షిక మాత్రమే ఉన్నది. తొమ్మిదవది నాకు రాసిన జవాబు.

చాలా ఏళ్ళ క్రితం ఆయన గోదావరి మీద ఒక ఉత్పలమాల రాశాడు. రెండవ పాదం 'ఆ'కారంతో మొదలయింది. పదవ అక్షరం యతిస్థానం. అక్కడ 'ప్రాంతము' అనే మాటలోని మొదటి అక్షరం పడింది. నేను వెంటనే వ్యాఖ్య రాశాను: 'ఆ'కు 'ప్రా'తో యతి ఎలా కుదిరిందండీ, నిద్రలో రాశారా అని. నలుగురూ చూస్తుండగా, కొంచెం చమత్కారంగా. ఆయన జవాబు చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు నా మాటకు వంతపాడారు. ఆ తరువాత ఆయన ఫోను చేసినప్పుడల్లా అన్నీ మాట్లాడేవాడు, ఆ పద్యం ఊసు తప్ప. తప్పు ఒప్పుకోలేక ఊరుకొన్నాడని నేను లోలోపల అనుకొంటూనే ఉన్నాను. ఇన్నేళ్ళూ.

చిత్తుప్రతిలో ఆయన రాసింది నాలుగే వాక్యాలు. 'ప్రాంతము' అంటే ప్ర, అంత. ప్ర అనేది ఉపసర్గ. ఉపసర్గతో అచ్చు కలిసిన చోట హల్లుకూ యతి చెల్లుతుంది, లోపల దాగిన అచ్చుకూ చెల్లుతుంది. ప్రాదియతి. మీరే నాకు ఒకసారి చెప్పారు, గుర్తులేదా మిత్రమా?

నిజమే. పిల్లలకు ఏటేటా చెప్పిన పాఠమది. 'ప్రాంతము' మన నోట బాగా నలిగిన మాట కావడం చేత అందులో ఉపసర్గ ఉన్నదన్న సంగతే నాకు తట్టలేదు. దాగిన అకారాన్ని చూడకుండా సున్న వేశాను. ఆ తేదీ చూశాను. నా వ్యాఖ్య పడిన రోజు రాత్రే రాశాడు. రాసి, ప్రచురించకుండా దాచాడు. నలుగురిలో నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేక.

ఇంతకంటే సిగ్గుపడే విషయం మరొకటి ఉన్నది. పుస్తకం కోసం నేను అప్పటికే ఎంచిపెట్టుకొన్న పద్యాల్లో ఆ ఉత్పలమాల ఉన్నది. అందులో 'ప్రాంతము' కొట్టివేసి నాకు తోచిన మరొక మాట వేసి 'సరిదిద్దాను'. ఎవరికీ చెప్పలేదు కూడా. మిత్రుడి పద్యంలో దోషం అచ్చుకావడం ఎందుకని. ఆ తొమ్మిది బయటపడి ఉండకపోతే ఆయన పుస్తకంలో ఆయన పేరు మీద నా మాట శాశ్వతంగా ఉండిపోయేది.

వారి శ్రీమతికి ఫోను చేసి అంతా చెప్పాను. చిత్తుప్రతులు వేయమంటారా అని అడిగాను. కొంచెం సేపు ఊరుకొని, "ఆయన వద్దనుకొన్నవి మనం ఎందుకు వేయడం అన్నయ్యగారూ? అన్నప్రాశన పద్యం మాత్రం మా అమ్మాయికి పంపండి" అన్నారు. అలాగే చేశాను. ఉత్పలమాలలో నా మాట తీసివేసి ఆయన మాట ఆయనకు అప్పగించాను. సాంవత్సరీకం నాటికి పుస్తకం చేతికి వచ్చింది. 96 పుటలు. అమ్మకానికి కాదు, బంధుమిత్రులకు పంచడానికి.

ఆ టపా కింద నా వ్యాఖ్య ఇంకా ఉన్నది. "తీసేయమంటారా మామయ్యగారూ?" అని వారి అబ్బాయి అడిగాడు. వద్దన్నాను. దాని కింద మరొక వ్యాఖ్య పంపాను: ఇక్కడ ప్రాదియతి ఉన్నది, పొరపాటు నాది, పద్యం నిర్దుష్టం అని. ఆ అబ్బాయి దాన్ని అనుమతించాడు. ఇన్నేళ్ళ తరువాత ఆ మూల ఎవరు చదువుతారు అంటే, ఎవరో ఒకరు చదువుతారు. ఎవరూ చదవకపోయినా అక్కడ ఉండవలసిన మాట అది.

బ్లాగు రాసే మిత్రులకు ఒక మనవి. మీ రాతలను ఏడాదికొకసారైనా దింపి దాచుకోండి. వాటిని ఎప్పుడైనా ప్రశ్నించవలసివచ్చి సున్న వస్తే, లేవని అనుకోకండి. ముందు మొదటి వరస చూడండి, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ ఉన్నదేమో. ఆ చిరునామాను అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసి ఒక ఉపపదం పెట్టుకోండి. మూలకాలకు ఆ ఉపపదం తగిలించండి, లక్షణాలకు తగిలించకండి. లోపల మరొక ఇంటివారు ఉన్నారేమో కూడా చూడండి. ఈ నాలుగూ చేస్తే నాకు పట్టిన వారం రోజులు మీకు పట్టవు.

ఇందులో సాంకేతికంగా పొరపాట్లుంటే తెలిసినవారు వ్యాఖ్యల్లో సరిదిద్దగలరు. యతి గురించి రాసిన దానిలో ఉంటే మరీ ముందు సరిదిద్దగలరు.

స్వస్తి.